తత్వం మాది, శాస్త్రం మీదా?

ఫిలాసఫీలో పీహెచ్‌డీ చేస్తానన్నప్పుడు నన్ను రెండు ప్రశ్నలు అడిగారు. మొదటిది సికింద్రాబాద్‌లో, మా అడ్డగుట్ట బస్తీలో అడిగారు: "అది సదివితే నౌకరొస్తదా బిడ్డా?" రెండోది ఒక విశ్వవిద్యాలయంలో అడిగారు: "మీకు ఫిలాసఫీ ఎందుకమ్మా? సోషల్ వర్క్ తీసుకోవచ్చు కదా, మీవాళ్ళకు పనికొస్తుంది." పైకి రెండూ ఒక్కలాగే ఉంటాయి. లోపల ఒక్కటి కావు. మొదటిదాంట్లో ఆకలి ఉంది. రెండోదాంట్లో కులం ఉంది. మా బస్తీకి నేను జవాబు చెప్పుకోవాలి, చెప్పుకుంటాను. రెండో ప్రశ్న అడిగినవాళ్ళకు జవాబు చెప్పను, లెక్క చెబుతాను. ఎవరు ఎవరికి ఎంత బాకీ ఉన్నారో ఆ లెక్క.

ముందు మాట సంగతి చూద్దాం. తెలుగులో తత్వం అంటే ఏంటి? పండితుల నిఘంటువు పక్కన పెట్టండి. మా ఇండ్లల్లో తత్వం అంటే పాట. మా తాత నల్లగొండ పల్లె నుంచి సికింద్రాబాద్ వచ్చి రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేరాడు. పొద్దంతా పట్టాల కింద కంకర ఎగదోసి, రాత్రికి ఏక్‌తార పట్టుకుని కూచునేవాడు. చుట్టూ పది మంది చేరేవాళ్ళు. దళిత యోగి దున్న ఇద్దాసు తత్వాలు, అచల గురువుల తత్వాలు పాడేవాడు. వీరబ్రహ్మంగారికి సిద్ధయ్య ఒక్కడే కాదు, మన కక్కయ్య కూడా శిష్యుడేనని గర్వంగా చెప్పేవాడు. ఎరుక అంటే ఏంది? ఎరిగినోడు వేరు, ఎరుక వేరా? ఎరుక పోయినంక మిగిలే బయలు ఏంది? అది ఏమీ లేకపోవడమా, అంతా అదే కావడమా? బడి మొహం చూడని గ్యాంగ్‌మన్లు అర్ధరాత్రి దాకా వాదించుకునేవాళ్ళు. ఎం.ఏ. మొదటి సంవత్సరంలో ఇవే ప్రశ్నలు ఎపిస్టెమాలజీ, మెటాఫిజిక్స్ అనే పేర్లతో నా ముందుకొచ్చాయి. ప్రశ్నలు నాకు కొత్తగా అనిపించలేదు. కొత్తగా అనిపించింది ఒక్కటే. ఇక్కడ ఈ ప్రశ్నలు అడిగినందుకు జీతం ఇస్తారు. మా తాతకు ఎవడూ ఇవ్వలేదు.

తత్వానికి శాస్త్రం అని తోక తగిలించిన రోజే దాని చుట్టూ గోడ లేచింది. గోడకు గేటు, గేటు దగ్గర కాపలా. ఎంట్రన్సు, ఇంటర్వ్యూ, సిఫారసు ఉత్తరాలు, దరఖాస్తు ఫీజు. లోపల కూర్చున్నవాళ్ళు గోడ సంగతి మాట్లాడరు. ప్రతిభ సంగతే మాట్లాడతారు.

ప్రతిభకు ముందు కావలసింది తీరిక. ఇది నా మాట కాదు. అరిస్టాటిల్ తన మెటాఫిజిక్స్ గ్రంథం మొదట్లోనే చెప్పాడు. బతుకు అవసరాలు తీరి, తీరిక దొరికినచోటే ఇలాంటి విద్యలు పుట్టాయనీ, ఈజిప్టులో పూజారులకు తీరిక ఉండబట్టే గణితం అక్కడ పుట్టిందనీ ఆయన వాదం. బానిస అంటే ప్రాణమున్న పనిముట్టు అన్నదీ ఆయనే. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చదవాలి. ఒకరి తీరిక ఇంకొకరి చాకిరీ. మా క్లాసులో మొదటి మాట చెప్పారు. రెండో మాట వేరే పేపర్లో వస్తుందన్నారు.

మన దేశంలో ఆ తీరికను ఎట్లా ఏర్పాటు చేశారు? అగ్రహారం అంటే ఏంటి? ఫెలోషిప్పే. రాజు ఊరికి ఊరే రాసిచ్చాడు. వేదం చదివేవాళ్ళకు, శాస్త్రం చెప్పేవాళ్ళకు పన్నులేని భూమి. దానికి నెట్ పరీక్ష లేదు, అయిదేళ్ళ గడువు లేదు, హాజరు పట్టీ లేదు, ఆదాయం సర్టిఫికెట్ లేదు. పుట్టుకే ఇంటర్వ్యూ. కొడుక్కీ మనవడికీ దానంతట అదే రెన్యువల్. రాగి శాసనాల్లో గడువు కూడా రాశారు: ఆచంద్రార్కం, అంటే సూర్యచంద్రులున్నంత కాలం. మరి ఆ భూమి దున్నిందెవరు? నాటింది, కోసింది, కళ్ళం ఊడ్చింది ఎవరు? ఆ పంటతో నిండిన కడుపులే న్యాయం, మీమాంస, వేదాంతం రాశాయి. అవి గొప్ప గ్రంథాలా కాదా అన్నది వేరే చర్చ. వాటి వెనక ఉన్న స్టైపెండు మా చెమట. ఇప్పుడు షెడ్యూల్డ్ కులాల ఫెలోషిప్పు నెలకు ఇంత అని పేపర్లో పడగానే, మా డబ్బు తిని చదువుతున్నారని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది.

1888వ సంవత్సరంలో ఇద్దరు తెలుగువాళ్ళు పుట్టారు. మే 22న హైదరాబాద్‌లో మాదరి భాగయ్య. సెప్టెంబరు 5న తిరుత్తణిలో సర్వేపల్లి రాధాకృష్ణన్. ఇద్దరివీ డబ్బున్న ఇండ్లు కావు. రాధాకృష్ణన్ ఫిలాసఫీ ఎందుకు తీసుకున్నాడో అందరూ చెప్పుకునే సంగతే. కొత్త పుస్తకాలు కొనే స్తోమత లేదు. అదే కాలేజీలో చదివిన చుట్టం ఒకాయన తన ఫిలాసఫీ పుస్తకాలు ఇచ్చాడు. ఆ పుస్తకాలే దారి చూపాయి. దీన్ని పేదరికం జయించిన కథగా చెబుతారు. నేను ఇంకో రకంగా చదువుతాను. పేదరికంలోనూ ఫిలాసఫీ పుస్తకాలున్న చుట్టం దొరికే కులం అది. మా చుట్టాల దగ్గర పార, గంప, చీపురు ఉన్నాయి. అవే ఇచ్చారు. భాగయ్య ఒక క్రైస్తవ బారిస్టరు ఇంట్లో పనిచేస్తూ చదువు నేర్చుకున్నాడు. భాగ్యరెడ్డి వర్మ అయ్యాడు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టాడు, 1911లో మన్యసంఘం పెట్టాడు, మన పిల్లలకు బడులు పెట్టాడు. 1917లో బెజవాడలో పంచమ మహాసభకు అధ్యక్షుడై, మేం పంచములం కాదు, ఈ నేల మొదటి మనుషులం, ఆది ఆంధ్రులం అని పేరే మార్చేశాడు. ఒక మనిషి ఎవరో చెప్పే హక్కు ఎవరిది? పేరుకూ ఉనికికీ ఏం సంబంధం? ఇది ఫిలాసఫీ ప్రశ్న కాదా? ఒకాయన పేరు ఫిలాసఫీ పాఠ్యపుస్తకంలో ఉంది. ఇంకొకాయన పేరు సంఘసంస్కర్తల జాబితాలో ఉంది. అదీ ఉంటే.

1936లో రాధాకృష్ణన్ ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్ అయ్యాడు. అదే ఏడాది అంబేడ్కర్ లాహోర్ సభ కోసం ఉపన్యాసం రాశాడు. సభవాళ్ళు జడిసి సభనే రద్దు చేసుకుంటే, 'కుల నిర్మూలన' పేరుతో సొంత ఖర్చు మీద 1,500 ప్రతులు అచ్చు వేసుకున్నాడు. మొదటిది ఫిలాసఫీ అయింది. రెండోది సోషియాలజీ అయింది, పొలిటికల్ సైన్స్ అయింది, జయంతి నాటి ఉపన్యాసం అయింది. ధర్మం అంటే నియమాల చిట్టానా, సూత్రాలా అని తేల్చి చెప్పిన పుస్తకం ఫిలాసఫీ ఎందుకు కాదు? కొలంబియాలో జాన్ డ్యూయీ దగ్గర చదువుకున్నవాడు ఫిలాసఫర్ ఎందుకు కాడు? ఈమధ్య నెట్ సిలబస్‌లో అంబేడ్కర్, ఫూలే పేర్లు చేరాయి. సంతోషం. ఒక చిన్న ప్రశ్నకు సరిపోయేంత చోటు ఇచ్చారు.

ఆ కొలంబియా చదువైనా ఎట్లా సాగింది? 1913లో బరోడా మహారాజు నెలకు పదకొండున్నర పౌన్ల చొప్పున మూడేళ్ళు స్కాలర్‌షిప్ ఇచ్చాడు. బదులుగా పదేళ్ళు బరోడా కొలువు చేయాలని ఒప్పందం. గడువు తీరింది. లండన్ చదువు మధ్యలో వదిలి 1917లో బరోడా వచ్చాడు. ఆ ఊళ్ళో అంత చదువుకున్న అధికారికి ఉండటానికి ఒక గది దొరకలేదు. మళ్ళీ బొంబాయిలో సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి, పైసా పైసా కూడబెట్టి, కొల్హాపూర్ శాహూ మహారాజు సాయమూ పార్శీ మిత్రుడి అప్పూ కలుపుకుని 1920లో లండన్ వెళ్ళాడు. ఫెలోషిప్పు ఆగితే ఏమవుతుందో, గైడు కంటే ముందు ఇల్లుగలవాడు ఎట్లా అడ్డుపడతాడో మాకు ఆయన జీవితమే చెప్పింది. నూరేళ్ళు దాటాయి. ఇంకా అదే పాఠం చదువుతున్నాం.

ఇప్పటి దారి చెబుతాను. తర్వాత వచ్చే పిల్లలకు పనికొస్తుంది.

2005-06లో షెడ్యూల్డ్ కులాల, తెగల పరిశోధకుల కోసం రాజీవ్ గాంధీ ఫెలోషిప్పు మొదలైంది. అప్పుడు నెట్ పాసవ్వాలన్న షరతు లేదు. ఎం.ఫిల్.లోనో పీహెచ్‌డీలోనో సీటు ఉంటే దరఖాస్తు పెట్టుకునేవాళ్ళు. ఇంట్లో మొదటిసారి విశ్వవిద్యాలయం గడప తొక్కిన పిల్లలు ఎందరో దాంతో పరిశోధకులయ్యారు. తర్వాత పేరు మారింది. నెట్ తప్పనిసరి అయింది. దేశం మొత్తానికి, అన్ని సబ్జెక్టులకూ కలిపి ఏడాదికి 2,000 మంది. ఆ నెట్ పేపరు ఇంగ్లీషులో, హిందీలో ఉంటుంది. తెలుగు సాహిత్యం చదివితే తెలుగులో రాయొచ్చు. ఫిలాసఫీ చదివితే కుదరదు. హిందీ పిల్లాడికి తన భాషలో తత్వశాస్త్రం ఉండొచ్చు, తెలుగు పిల్లకు ఉండకూడదు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివిన నేను నాలుగోసారికి పాసయ్యాను. ఆ నాలుగేళ్ళూ ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో నెలకు 12 వేలకు సివిక్స్ చెప్పాను. సెలవుల్లో ఆ పన్నెండు వేలూ లేవు.

ఎం.ఫిల్. అనే మెట్టు ఒకటి ఉండేది. ఏడాదిన్నర, రెండేళ్ళు చిన్న పరిశోధన చేసి, థీసిస్ రాయడం అంటే ఏంటో నేర్చుకునే చోటు. ఇంట్లో ప్రొఫెసర్లున్నవాళ్ళకు అది అనవసరం. అన్నం తింటూ నేర్చుకుంటారు. మాకు అది అవసరం. 2022 నవంబరులో యూజీసీ కొత్త నిబంధనలు తెచ్చి ఎం.ఫిల్.ను ఎత్తేసింది. మెట్టు తీసేసి ఎక్కమన్నారు. ఎక్కలేకపోతే కాళ్ళలో బలం లేదంటారు.

ఇంటర్వ్యూ గురించి ఎక్కువ చెప్పను, తక్కువా చెప్పను. నా పరిశోధన ప్రతిపాదన 'అచల తత్వాల్లో ఎరుక భావన'. అయిదుగురు కూచున్నారు. మొదటి ప్రశ్న: "మీ నాన్నగారు ఏం చేస్తారు?" సికింద్రాబాద్ స్టేషన్ యార్డులో బోగీలు కడిగే కాంట్రాక్టు పని అని చెప్పాను. రెండో ప్రశ్న: "సంస్కృతం వచ్చా?" రాదన్నాను. "సంస్కృతం రాకుండా ఇండియన్ ఫిలాసఫీ ఎట్లా?" అడిగినాయన ఇరవై ఏళ్ళుగా కాంట్ పాఠం చెబుతున్నాడు. ఆయనకు జర్మన్ రాదు. అంబేడ్కర్‌ను ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో సంస్కృతం చదవనివ్వలేదు, పర్షియన్ తీసుకోవలసి వచ్చింది. ముందు తలుపు మూసి, తర్వాత లోపలికి ఎందుకు రాలేదని అడగడం వీళ్ళకు అలవాటు. నా తత్వాలు తెలుగులో ఉన్నాయండీ అన్నాను. మూడో ఆయన జాలిగా అన్నాడు: "అది ఫోక్‌లోర్ కదమ్మా. జానపద శాఖ ఉంది, అక్కడ ట్రై చేయండి." ఆ ఏడాది నాకు సీటు రాలేదు. రాత పరీక్షలో నా మార్కులు మొదటి ముగ్గురిలో ఉన్నాయి.

ఇది నా ఒక్కదాని అనుమానం అనుకుంటారేమో. జేఎన్‌యూలో ప్రొఫెసర్ అబ్దుల్ నఫే కమిటీ 2012 నుంచి కొన్నేళ్ళ ప్రవేశాల లెక్కలు తీసి చూసింది. రాత పరీక్షలో వచ్చిన మార్కులకూ వైవాలో వేసిన మార్కులకూ మధ్య తేడా సామాజిక వర్గాన్ని బట్టి ఒక పద్ధతిలో ఉందని 2016లో రిపోర్టు ఇచ్చింది. వైవాకు 30 మార్కులున్నచోట 15కు తగ్గించమంది. అదే ఏడాది యూజీసీ నిబంధనలు ఏం చేశాయి? రాత పరీక్షను అర్హతకు మాత్రమే ఉంచి, ఎంపికంతా ఇంటర్వ్యూ చేతిలో పెట్టాయి. గొడవలయ్యాక 70, 30గా మార్చారు. 2024 నుంచి నెట్ మార్కులతోనే పీహెచ్‌డీ ప్రవేశాలన్నారు. అందులోనూ 30 ఇంటర్వ్యూకే. జేఆర్ఎఫ్ వచ్చినవాళ్ళకయితే ఇంటర్వ్యూనే అంతా. ఆ ముప్పయి మార్కుల్లోనే మా నాయిన బోగీలు కడిగిన నీళ్ళు పారుతున్నాయి.

మరుసటి ఏడు ఇంకోచోట సీటు వచ్చింది. గైడు మంచివాడు దొరికాడు. ఫెలోషిప్పూ వచ్చింది. ఇక అంతా సుఖమే అనుకుంది అమ్మ. మోండా మార్కెట్‌లో పక్కన కూరగాయలమ్మే ఆమెకు చెప్పిందట: "మా పిల్లకు సదువుకున్నందుకే జీతమిస్తున్నరు." అది ఎట్లా వస్తుందో విన్నవాళ్ళు తక్కువ. నెల నెలా గైడు సంతకం, హెడ్డు సంతకం, ఆఫీసు ధ్రువీకరణ, ఆన్‌లైన్‌లో నమోదు. నలుగురిలో ఒకరు సెలవు పెడితే నీ నెల పోయింది. రెండేళ్ళయ్యాక కమిటీ కూచుని జూనియర్ నుంచి సీనియర్‌కు మార్చాలి. కమిటీ కూచోకపోతే అదీ ఆగుతుంది. నాకు అట్లా వరసగా తొమ్మిది నెలలు రాలేదు. కాగితం వేలు కింద పెట్టుకుని కూచున్న గుమాస్తా అన్నాడు: "ఒకేసారి లక్షల్లో పడతది కదమ్మా, పండగ చేసుకోవచ్చు." ఇంటి అద్దె ఒకేసారి పడదు. మెస్సు బిల్లు ఒకేసారి పడదు. నాయిన మోకాలి మందులు ఒకేసారి మింగడానికి వీల్లేదు. ఆ తొమ్మిది నెలలు మార్కెట్ చిట్టీ ఎత్తి అమ్మ నన్ను సాకింది. నూటికి మూడు రూపాయల వడ్డీ. ఆ వడ్డీ ఏ ఫెలోషిప్పులోనూ కలవదు. పుస్తకాలకు కంటిన్‌జెన్సీ అని హ్యుమానిటీస్ వాళ్ళకు మొదటి రెండేళ్ళూ ఏడాదికి 10 వేలిస్తారు. ఆ తర్వాత 20,500. విదేశీ ప్రచురణల ధరలు చూసినవాళ్ళకు అందులో ఎన్ని ఫిలాసఫీ పుస్తకాలొస్తాయో తెలుసు.

నాకు ఆగింది డబ్బే. రోహిత్ వేములకు ప్రాణం ఆగింది. 2016 జనవరి 17. ఏడు నెలల ఫెలోషిప్పు, లక్షా డెబ్బయి అయిదు వేల రూపాయలు తనకు రావాలని, అది ఇంట్లోవాళ్ళకు అందేలా చూడమని చివరి ఉత్తరంలో రాసిపెట్టి పోయాడు. చనిపోతూ కూడా అప్పు లెక్క రాసుకోవలసి వచ్చిన పరిశోధకుడు అతను. అదే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 2008 ఫిబ్రవరిలో భౌతికశాస్త్రం చదువుతున్న సెంథిల్ కుమార్ చనిపోయినప్పుడూ ఆగిన ఫెలోషిప్పు మాట వచ్చింది. ఎవరూ కర్రతో కొట్టరు. ఊరవతలకు పొమ్మనరు. ఫైలు ఆపుతారు, అంతే. వెనకటికి బావి దగ్గర ఆపేవాళ్ళు.

నెట్ లేనివాళ్ళ సంగతి ఇంకా అన్యాయం. కేంద్ర విశ్వవిద్యాలయాల్లో వాళ్ళకు నెలకు 8 వేలు. 2015 అక్టోబరులో దాన్నీ ఎత్తేస్తామంటే పిల్లలు ఢిల్లీలో యూజీసీ ఆఫీసు ముందు రాత్రింబవళ్ళు కూచుని ఆపించారు. జేఆర్ఎఫ్‌ను 2023 జనవరి నుంచి 37 వేలు చేశారు. ఎనిమిది వేలు మాత్రం ఎనిమిది వేలే. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో యూజీసీ ఇచ్చే ఆ ఎనిమిది వేలూ లేవు. ఇల్లు నడిపే బాధ్యత నెత్తిన ఉన్న పిల్ల ఫ్రీగా అయిదేళ్ళు ఆలోచించాలా? ఆలోచన ఖరీదైన పని. మా ఇళ్ళల్లో ఒక మనిషి ఆలోచిస్తూ కూచుంటే ఇంకో మనిషి రెండు షిఫ్టులు చేయాలి.

విదేశాలకు పోవచ్చు కదా అంటారు. 2019లో లెక్క వేశాను. అమెరికాలో మంచి ఫిలాసఫీ విభాగాల్లో పీహెచ్‌డీ సీటు వస్తే ట్యూషన్ మాఫీ చేసి అయిదేళ్ళు స్టైపెండు ఇస్తారు. బదులుగా డిగ్రీ పిల్లలకు పాఠం చెప్పాలి, పేపర్లు దిద్దాలి. ఇంగ్లండులో అట్లా కాదు. సీటు వేరు, డబ్బు వేరు. సీటిచ్చి, డబ్బు మీరే చూసుకోండంటారు. అమెరికా బాగుందనిపించింది. కానీ వందల మంది దరఖాస్తు పెడితే అయిదారుగురిని తీసుకునే విభాగాలవి. కనీసం పదిచోట్ల పెట్టాలి. ఒక్కోచోట ఫీజు 75 నుంచి 125 డాలర్లు. ఫీజు మాఫీ ఉన్నా చాలాచోట్ల అది ఆ దేశం వాళ్ళకే. అప్పట్లో డాలరు 70 రూపాయలు. దరఖాస్తులకే 60 వేలు దాటింది. జీఆర్‌ఈకి 14 వేల పైన, ఇంగ్లీషు పరీక్షకు ఇంకో అంత. మా అమ్మ మార్కెట్‌లో కూచుంటే నెలకు మిగిలేది 9 వేలు. అంటే సీటు కాదు, సీటు అడగడానికే అమ్మ పది నెలల కష్టం. దానికి తోడు మూడు సిఫారసు ఉత్తరాలు, ఇరవై పేజీల వ్యాసం. ఆ వ్యాసం దిద్దిపెట్టే మేనమామ ప్రిన్స్‌టన్‌లో ఉన్నవాళ్ళున్నారు. మా మేనమామ బోయినపల్లి మార్కెట్‌లో హమాలీ.

సర్కారు స్కాలర్‌షిప్ ఉంది కదా అంటారు. ఉంది. నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ 1954-55 నుంచి ఉంది. ఇప్పుడు 125 మందికి. అందులో 115 షెడ్యూల్డ్ కులాలకు. 2022 ఫిబ్రవరిలో దాని నిబంధనలు మార్చారు. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారతదేశం మీద సామాజిక అధ్యయనాలు, ఈ అంశాల మీద పరిశోధనకు ఈ డబ్బు ఇవ్వరట. వాటికి కావలసిన నిపుణులు దేశంలోనే ఉన్నారని వాళ్ళ సమాధానం. ఆ నిపుణుల ఇంటర్వ్యూ ఎట్లా ఉంటుందో పైన చెప్పాను.

ఈ ఒక్క వాక్యాన్ని నూరేళ్ళ వెనక్కి తీసుకుపోయి చూడండి. 1916 మే నెలలో అంబేడ్కర్ కొలంబియాలో చదివిన మొదటి వ్యాసం భారతదేశంలో కులాల గురించి. తర్వాత థీసిస్‌లు భారతదేశం ఆర్థికం గురించి, రూపాయి గురించి. పడమటి విద్యను తీసుకుని మన ఇంటి చీకటి మీద టార్చిలైటు వేశాడు. బరోడా రాజు రాజరికంలో కూడా ఇవ్వగలిగిన డబ్బును ప్రజాస్వామ్యం ఇవ్వనంటోంది. మీరు కంప్యూటర్లు చదవండి, మందులు చదవండి, యంత్రాలు చదవండి. మాకు పనికొస్తారు. మమ్మల్ని మాత్రం చదవకండి. ఇదీ ఆ వాక్యం అర్థం. అంటు గురించి, ఎరుక గురించి ఒక దళిత పిల్ల బయటి గడ్డ మీద కూచుని, ఎవడి దయా లేకుండా రాస్తే ఏమవుతుందో వాళ్ళకు బాగా తెలుసు. ఒకసారి చూశారు కదా. ఇక 2025 జూలైలో ఎంపికయిన 106 మందిలో ముందు 40 మందికే తాత్కాలిక ఉత్తరాలిచ్చి, మిగతావాళ్ళకు నిధులుంటే ఇస్తామన్నారు. సెప్టెంబరులో క్లాసులు. నిధులుంటే!

గోపాల్ గురు 2002లో ఒక వ్యాసం రాశాడు. మన సామాజిక శాస్త్రాల్లో సిద్ధాంతం చేసేవాళ్ళు ఒక కులంగా, వివరాలు సేకరించేవాళ్ళు ఇంకో కులంగా విడిపోయారని. నిజం. మేం మా గాయాలు చెబితే వింటారు, కన్నీళ్ళు పెట్టుకుంటారు, పుస్తకం వేస్తారు. గాయం అంటే ఏంటి, నొప్పి ఎవరికి తెలుస్తుంది, తెలియడం అంటే ఏంటి అని అడిగితే చిరాకుపడతారు. మేం ముడిసరుకు, వాళ్ళు ఫ్యాక్టరీ. ఆత్మకథ మాకు వదిలేశారు, ఆత్మ వాళ్ళు ఉంచుకున్నారు. ఫిలాసఫీలో మాకు సీటు కావాలనడం ఉద్యోగం కోసం మాత్రమే కాదు. అడిగే హక్కు కోసం.

ఇప్పుడు మా బస్తీకి చెప్పాల్సింది. నౌకరి తప్పకుండా వస్తదని నేను అబద్ధం చెప్పను. రాకపోవచ్చు. కాంట్రాక్టు లెక్చరర్లుగా పదేళ్ళు, పదిహేనేళ్ళు పనిచేస్తున్న డాక్టర్లు మన బస్తీల్లోనే ఉన్నారు. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. మన చిలకలగూడలో 1918లో పుట్టిన ఈశ్వరీబాయి శాసనసభలో లేచి నిలబడి మాట్లాడితే అందరూ తలెత్తి వినేవాళ్ళు. 1953లో ఉస్మానియా అంబేడ్కర్‌ను పిలిచి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. మనకు పని చేతకాక వెనకపడలేదు. పని మనమే చేశాం. మనమెవరో, మనమెందుకిట్లా ఉన్నామో, అది వాళ్ళు రాశారు. కర్మ అని రాశారు. పూర్వజన్మ అని రాశారు. కర్మ సిద్ధాంతం ఫిలాసఫీయే. మన మెడ మీద కూచున్నది ఫిలాసఫీయే. దాన్ని దించడానికి సోషల్ వర్క్ చాలదు.

అందుకని అడుగుతున్నాం. ఫెలోషిప్పు నెల మొదటి వారంలో పడాలి. పడకపోతే విశ్వవిద్యాలయం తన నిధి నుంచి ఇచ్చి, తర్వాత రాబట్టుకోవాలి. ఆలస్యం ఎవరిదో వాళ్ళ జీతం ఆగాలి, మాది కాదు. నెట్ పరీక్ష తెలుగులో రాయనివ్వాలి. ఇంటర్వ్యూ మార్కులు తగ్గించాలి. ఏ ప్రశ్న అడిగారో, ఎన్ని వేశారో రికార్డు చేసి బయటపెట్టాలి. నాయిన ఏం పని చేస్తాడన్న ప్రశ్న ఏ బల్ల మీదా వినపడకూడదు. విదేశీ స్కాలర్‌షిప్‌లో మా దేశం గురించి మేం చదవకూడదన్న వాక్యం కొట్టేయాలి. దరఖాస్తు ఫీజులకు రాష్ట్రం ఒక నిధి పెట్టాలి. దున్న ఇద్దాసు తత్వాలు, అచల బోధ ఫిలాసఫీ విభాగంలో పాఠం కావాలి, జానపద శాఖలో కాదు.

నా థీసిస్ ఇప్పుడు ఆఖరి అధ్యాయంలో ఉంది. అయిదేళ్ళ గడువు దగ్గరపడిందని ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. గడువు! సూర్యచంద్రులున్నంత కాలం ఊళ్ళకు ఊళ్ళు తిన్న చదువు అడగని లెక్కలు, అయిదేళ్ళు అరకొరగా అందిన చదువును అడుగుతున్నారు. అడగండి, చెబుతాం. మా లెక్క పుస్తకం కూడా తెరిచే ఉంది. మేం అడిగేది దానం కాదు, దయ కాదు. పాత బాకీ. వడ్డీ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు అసలు కట్టండి.